మూడో అంతస్తులో అద్దెకున్నవాళ్లు

బాత్రూమ్ గుమ్మంలో రాజ్యలక్ష్మి ఒక్క నిమిషం ఊరికే నిలబడింది. లిఫ్టు లేని మేడ. మూడంతస్తులెక్కేసరికి మోకాళ్లు రెండూ ఇక మా వల్ల కాదన్నాయి. ఎ.ఎస్.ఐ.గా రిటైరై ఐదేళ్లయింది. ఆ రోజు మెడలో వేసిన దండ తీసి పక్కన పెట్టినప్పుడే, మనుషులు చచ్చిపోయిన గదుల్లోకి వెళ్లే పని ఇక తప్పిందనుకుంది. పటమటలో ఒక చిన్న ఆఫీసు తెరిచి, పెళ్లి సంబంధాల గురించీ, పనివాళ్ల గురించీ, అద్దెకు దిగేవాళ్ల గురించీ వాకబు చేసిపెట్టే పని పెట్టుకుంది. కాలక్షేపానికి కాలక్షేపం, మందులకి మందులు. అంతకు మించి ఆవిడ ఏమీ కోరుకోలేదు.

కానీ ఈ పొద్దున ఎనిమిదింటికి, భర్త పోయిన ఏడో రోజున, పెద్దదినం కూడా కాకుండానే ఒక మనిషి కైకలూరు నుంచి బస్సెక్కి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. పేరు పెద్దింట్లమ్మ. నలభై ఏళ్లుంటాయి. ఆవిడ భర్త గంగాప్రసాద్ చేపల వ్యాపారి. కిందటి మంగళవారం పొద్దున ఇదే బాత్రూమ్‌లో చచ్చిపడి ఉన్నాడు. గ్యాస్ గీజర్ పొగ పీల్చి పోయాడని పోలీసులు తేల్చేశారు.

"ఆయన చన్నీళ్లే పోసుకుంటారండీ. చలికాలంలో కూడా" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది పెద్దింట్లమ్మ. ఏడవలేదు. ఏడ్చే ఓపిక అయిపోయిన మనిషిలా ఉంది.

ఆ ఒక్క మాటకే రాజ్యలక్ష్మి చెప్పులేసుకుంది.

సి.ఐ. కిరీటికి ఫోన్ చేస్తే అరగంట మాత్రం చూసుకోమన్నాడు, అదీ విసుగ్గా. కానిస్టేబుల్ వచ్చి 303 తాళం తీసి, మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

పదడుగుల గది. ఒక మూల వంటగట్టు, ఇంకో మూల బాత్రూమ్. గోడలు తెల్లగా ఉన్నాయి. మరీ తెల్లగా ఉన్నాయి. ఎక్కడా ఒక మేకు లేదు, మేకు పీకిన మచ్చ లేదు. గట్టు మీద నూనె జిడ్డు లేదు. రెండున్నరేళ్లుగా ఈ గదిలో ఆటోనగర్ మెకానిక్ ఒకడు పెళ్లాంతో కాపురం ఉంటున్నాడని గంగాప్రసాద్‌కి ప్రతినెలా అద్దె వస్తోంది. రెండున్నరేళ్లలో ఒక క్యాలెండరు కూడా తగిలించుకోని కాపురం ఏమిటో రాజ్యలక్ష్మికి అర్థం కాలేదు.

బాత్రూమ్‌లో ప్లాస్టిక్ బక్కెట్‌కి ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. సబ్బు పైకాగితం విప్పలేదు. గోడకి గీజర్, అందులోకి బయటి సిలిండరు నుంచి రబ్బరు పైపు. ఆవిడ కుళాయి తిప్పింది. నీళ్లు పడగానే గీజర్‌లో టక్కుమని మంట అంటుకుంది. కుళాయి కట్టేసింది. మంట ఆరిపోయింది. మళ్లీ తిప్పింది, మళ్లీ కట్టింది. నీళ్లు పారితేనే వెలుగుతుంది, పారకపోతే లేదు. వాచీ చూసుకుని, ఇది పుస్తకంలో రాసుకుంది.

బయట వరండాలో పెద్దింట్లమ్మ కింద కూర్చుని ఉంది. పక్కన కుర్చీలో రామకోటేశ్వరరావు మాస్టారు. ఆయనకీ ఈ మేడలో రెండు గదులున్నాయి, ఓనర్ల సంఘానికి కార్యదర్శి. ఒకప్పుడు కైకలూరు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. గంగాప్రసాద్ ఆయన దగ్గరే చదువుకున్నాడు, ఆయన చెబితేనే ఇక్కడ గదులు కొన్నాడు. పక్కవీధిలోనే ఇల్లు. పెద్దింట్లమ్మ వచ్చిందని తెలిసి ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వచ్చాడు. నడుముకి బెల్టు కట్టుకుని ఉన్నాడు, లేచినా కూర్చున్నా ముఖం చిట్లిస్తున్నాడు. "సిలిండరు జరపబోతే పట్టేసిందమ్మా, వారమైంది" అన్నాడు, రాజ్యలక్ష్మి చూపు చూసి.

ఆ రోజు సంగతి పెద్దింట్లమ్మ చేత మళ్లీ మొదటినుంచీ చెప్పించింది రాజ్యలక్ష్మి. గంగాప్రసాద్ నాలుగుంబావుకి వ్యానులో చేపల పెట్టెలు వేసుకుని బయల్దేరాడు. ఆరుంబావుకి మార్కెట్లో దింపాడు. ఏడింటికి ముందు ఇక్కడికి వచ్చాడు. ఎందుకు వచ్చాడంటే, రెండు నెలలుగా అద్దె ఆలస్యమవుతోంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది. రెండెకరాల చెరువు అమ్మి మూడు గదులు కొన్నాడు. చెరువు మీద బతికినన్నాళ్లూ తెల్లవారుజామున మూడింటికి లేవాల్సిందే. గదులైతే మనం పడుకున్నా అద్దె నడుస్తుందని ఆశపడ్డాడు. అంత ఆశపడ్డవాడు తన గదుల్లో ఉండేవాళ్ల ముఖం ఒక్కసారీ చూడలేదు. అద్దెకు పెట్టడం, వసూలు చేయడం అన్నీ గదులు అమ్మిన నెలసిరి హోమ్స్ వాళ్లే చూసుకునేవాళ్లు.

"ఏడూ పన్నెండుకి ఫోన్ చేశారండీ" అంది పెద్దింట్లమ్మ. "నేను ఐసు కొడతన్నానండి. చేతులు తడిగా ఉన్నాయని తియ్యలేదు. తర్వాత చేద్దాంలే అనుకున్నాను."

మాస్టారు తల పక్కకి తిప్పుకున్నాడు.

గుమ్మాల ముందు చెప్పుల జతలున్నాయి. మగవాళ్లవి, ఆడవాళ్లవి, ఒకచోట చిన్నపిల్లలవి. చూసినవాళ్లెవరైనా నిండుగా జనం ఉన్న మేడ అనుకుంటారు. రాజ్యలక్ష్మి గోడ పట్టుకుని వంగి ఒక జత ఎత్తి చూసింది. కింద నేల మీద చెప్పు ఆకారంలో శుభ్రమైన మచ్చ, చుట్టూ దుమ్ము. ఇంకో గుమ్మం దగ్గర చూసింది. అక్కడా అంతే. ఆ చెప్పులు నెలల తరబడి కదల్లేదు.

కిందకి దిగడానికి ఎక్కడానికి పట్టినంత సేపూ పట్టింది. మెట్ల కింద కరెంటు మీటర్లు వరసగా ఉన్నాయి. గదులవి పన్నెండు, ఆఫీసుదొకటి, వాచ్‌మన్ గదిదొకటి. కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివింది. ఆఫీసు మీటరు వేలల్లో ఉంది. వాచ్‌మన్‌దీ అంతే. 101 గది తొమ్మిది యూనిట్లు. 202 పద్నాలుగు. 303 పదకొండు. కట్టినప్పటినుంచీ ఇప్పటిదాకా, మొత్తం కలిపి. ఒక ఫ్యాను వారం రోజులు ఆపకుండా తిరిగితే ఆ మాత్రం కాలుతుంది.

ఆవిడ అన్నిటికీ ఫోటోలు తీసుకుంది. మేడలో అద్దెకున్నవాళ్లెవరూ లేరు. ఎప్పుడూ లేరు. కొత్తగా గది కొన్నవాడి డబ్బే పాతవాడికి అద్దెగా వెళుతోంది. ఈ సంగతి గంగాప్రసాద్‌కి మంగళవారం పొద్దున ఏడింటికి తెలిసింది. తొమ్మిదీ నలభైకి బాత్రూమ్‌లో శవమై కనిపించాడు.

వాచ్‌మన్ ఆమోసు గేటు దగ్గర నిలబడి, నిలబడలేక ఉన్నాడు. సన్నటి మనిషి, యాభై దాటుంటాయి. రాజ్యలక్ష్మి అతన్ని శవం గురించి అడగలేదు. నీళ్ల గురించి అడిగింది. కుళాయి నీళ్లు కొంచెం మట్టివాసన వస్తున్నాయనీ, ట్యాంకు ఎప్పుడు కడిగించారనీ. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ట్యాంకు బాగానే కడిగించామనీ, సోమవారం సాయంత్రమే మొత్తం ఖాళీ చేయించి బ్లీచింగు వేయించామనీ చెప్పాడు. మంగళవారం పొద్దున్నే మోటారు వేద్దామనుకుంటే ఆరింటికే కరెంటు తీసేశారు. లైన్ల పని ఉందని ముందురోజే ఫోన్లకి మెసేజీ వచ్చింది. మళ్లీ పదింటికి గానీ ఇవ్వలేదు.

"అయితే పదిదాకా పైన చుక్క నీళ్లు లేవన్నమాట."

"లేవండి. నేను కూడా పక్కింటి బోరు దగ్గర ముఖం కడుక్కున్నాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆమోసుకి అదేమిటో తెలియలేదు. తెలిశాక అతని చేతులు చొక్కా అంచు పట్టుకున్నాయి.

రాజ్యలక్ష్మి ఇంకేమీ అనకుండా ఆఫీసు క్యాబిన్‌కేసి నడిచింది. నేలంతస్తులో ఒక పక్కగా కట్టిన చిన్న గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ మీద 'గది మీది, పూచీ మాది' అని నెలసిరి వాళ్ల బోర్డు. ఒక్కటే కిటికీ. కిటికీలో కింది అద్దం పగిలితే అట్టముక్క అడ్డం పెట్టారు. ఆ అట్టకి బయటివైపు నల్లగా మసి. లోపలివైపూ మసే, పక్కగోడ మీద చెయ్యి పెడితే వేళ్లకి అంటింది. బయటకి వెళ్లి చూస్తే కిటికీ కింద సిమెంటు మీద ఇంజనాయిలు మరక, పళ్లెమంత. చక్రాలున్న చిన్న జనరేటరేమో దూరంగా గేటు పక్కన రేకుల కింద ఉంది.

క్యాబిన్ తలుపుకి గడియ బయటవైపు ఉంది. లోపల లేదు.

పదకొండుంబావుకి జీపు వచ్చింది. కిరీటి దిగి, ఆవిడని ఎగాదిగా చూసి, క్యాబిన్‌లోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండేళ్ల క్రితం ట్రైనింగు ఎస్.ఐ.గా వచ్చినప్పుడు పంచనామా ఎలా రాయాలో అతనికి నేర్పింది రాజ్యలక్ష్మే. తర్వాత ఒక గొలుసు దొంగతనం కేసులో అతను పట్టుకున్నవాడు దొంగ కాదని కోర్టులో సాక్ష్యం చెప్పిందీ ఆవిడే. అతను మొదటిది మర్చిపోయాడు, రెండోది మర్చిపోలేదు.

"మీరు రిటైరయ్యారని మీకెవరూ చెప్పలేదనుకుంటా మేడం."

"చెప్పారు. పెన్షన్ కూడా వేస్తున్నారు."

"అరగంట అన్నాను. రెండు గంటలైంది. పోస్టుమార్టం చేసిన డాక్టరు కార్బన్ మోనాక్సైడ్ అన్నాడు. గీజర్ ఉంది, వెంటిలేటర్ మూసి ఉంది. ఇంకేం కావాలి మీకు?"

"నీళ్లు."

అతను ముఖం చిట్లించాడు. రాజ్యలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుని, తొందర లేకుండా చెప్పింది. నీళ్లు పారకపోతే ఆ గీజర్ వెలగదు. మంగళవారం పదిదాకా మేడలో నీళ్లు లేవు. వెలగని గీజర్ పొగ పెట్టి మనిషిని చంపదు.

"బక్కెట్లో నీళ్లున్నాయి కదా. నా ఫోటోలో ఉంది."

"పెద్దింట్లమ్మకిచ్చిన మీ పంచనామా నకల్లో ఇంకోటి కూడా ఉంది. వంటగట్టు కింద ఖాళీ తాగేనీళ్ల క్యాను. ఎవరూ కాపురం లేని గదిలో తాగేనీళ్లు ఎవరికి? ఎవరో క్యాను మోసుకెళ్లి బక్కెట్లో పోశారు. సబ్బు కాగితం విప్పడం మర్చిపోయారు."

ఆవిడ మీటర్ల ఫోటోలు చూపించింది. అట్టముక్క చూపించింది. ఆ పొద్దున కరెంటు లేదు కాబట్టి ఈ గదికి జనరేటరు వేశారు. కిటికీ కిందకి లాగి వేశారు. తలుపు బయటనుంచి వేసి ఉంటే, ఈ గదిలో మనిషికి గంట చాలు.

అతను చాలాసేపు అట్టముక్క వంకే చూశాడు. తెలివితక్కువవాడు కాదు. ఆ వారంలో మూడో చావు అది అతనికి, ఇంటికి వెళ్లి నిద్రపోవాలనుకున్నాడు, అంతే. కానీ ఓడిపోవడం ఇష్టం లేని మనిషి కూడా. జీపులోంచి ఒక ఫైలు తెప్పించి ఆవిడ ముందు పడేశాడు.

"గంగాప్రసాద్ వ్యానులో దొరికింది. ఇది హత్య కేసు అయితే, ముందు ఎవరిని పిలవాలో మీరే చూసి చెప్పండి."

అందులో పన్నెండు కాగితాలున్నాయి. పన్నెండు గదులకి పన్నెండుమంది అద్దెదారుల పేర్లు, ఫోటోలు, ఆధార్ జిరాక్సులు. ప్రతి కాగితం అడుగున ఒకే మాట. 'వ్యక్తిగతంగా వెళ్లి విచారించి నిర్ధారించడమైనది.' దాని కింద గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ సిరాతో సంతకం. కె. రాజ్యలక్ష్మి, రిటైర్డ్ ఎ.ఎస్.ఐ.

దొంగ సంతకం కాదు. ఆవిడదే.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల క్రితం, ఎడం మోకాలికి ఆపరేషనైన నెల. నెలసిరి హోమ్స్ యజమాని వెంకటకృష్ణారావు వన్ టౌన్ ఆఫీసు నుంచి మనిషి చేత కాగితాలు పంపాడు. అన్నీ మేము చూసుకున్నామండీ, మీరు సంతకం పెడితే చాలు, కాలు బాగోలేనప్పుడు మీకెందుకు శ్రమ అన్నాడు. మంచం మీద దిండుకి ఆనుకుని, టీవీ చూస్తూ, పన్నెండూ పెట్టేసింది. కాగితానికి రెండు వందలు. మేడ ఎక్కడుందో కూడా చూడలేదు. ఈ పొద్దున మెట్లెక్కుతున్నప్పుడు కూడా ఇదే ఆ మేడని ఆవిడకి తట్టలేదు.

ఉద్యోగంలో ఉండగా ఎన్నో చూసింది. వెళ్లకుండానే వెళ్లామని రాసేవాళ్లని, చూడకుండానే చూశామని రాసేవాళ్లని. వాళ్లని తిట్టింది కూడా. తానూ ఆ వరసలో నిలబడిన రోజు ఇంత మామూలుగా, ఇంత నొప్పి లేకుండా గడిచిపోయిందని ఇప్పుడు తెలిసింది.

"ఇది గీజర్ కేసుగానే ఉంటే ఈ కాగితాలు ఎవరూ చూడరు మేడం" అన్నాడు కిరీటి, గొంతు తగ్గించి. బెదిరింపులా లేదు. జాలిపడుతున్నట్టే ఉంది, అదే ఇంకా బాధగా ఉంది. "మీ మేలు కోరే చెబుతున్నాను. పెన్షన్ సంగతి కూడా ఆలోచించుకోండి."

గుమ్మంలో పెద్దింట్లమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. వెనక మాస్టారు. రాజ్యలక్ష్మి ఫైలు మూయబోయి, మూయలేక, ఆవిడకేసి తిప్పింది.

"అమ్మా, ఈ సంతకం నాది. నేను ఇక్కడికి రాకుండానే, ఎవరినీ చూడకుండానే పెట్టాను."

పెద్దింట్లమ్మ కాగితం వంక చూడలేదు.

"తెలుసండీ. నకలు ఇంట్లో ఉంది. అందులో మీ ఆఫీసు అడ్రసు చూసే వచ్చాను. కొనేటప్పుడు నేను వద్దన్నానండీ. పోలీసమ్మగారు స్వయంగా వెళ్లి చూశారంట, ఇంక మనకేం భయం అన్నారు ఆయన. ఏదన్నా అయితే ఆవిడని అడగొచ్చు అన్నారు. అందుకని మిమ్మల్నే అడుగుదామని వచ్చానండీ."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే రాజ్యలక్ష్మికి కొంచెం తేలిగ్గా ఉండేది. ఈ పొద్దున తన బోర్డు చూసి ఎవరో దిక్కులేని మనిషి వచ్చిందనుకుంది. ఆ మనిషి తన సంతకం పట్టుకుని వచ్చింది.

రాజ్యలక్ష్మి కళ్లజోడు తీసి, పైటకొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"సి.ఐ. గారూ, తెల్లకాగితం తీయండి. ముందు నా స్టేట్‌మెంట్ రాయండి."

"మేడం, ఒకసారి ఆలోచించి..."

"ఆలోచించకుండా పెట్టిన సంతకాలు పన్నెండు ఉన్నాయి. ఇది పదమూడోది, ఆలోచించే పెడతాను. రాయండి."

అతను రాశాడు. ఆవిడ తేదీ చెప్పింది, తీసుకున్న డబ్బు చెప్పింది, కాగితాలు తెచ్చిన మనిషి ఆనవాళ్లు చెప్పింది, ఒక్క గదీ చూడలేదని చెప్పింది. తన మాటలు తానే వింటున్నట్టు, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. పావుగంట పట్టింది. చివర చదివించుకుని, సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద పెట్టింది.

అప్పుడు ఆమోసు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు.

"నాదీ రాయండి సార్" అన్నాడు.

నిలబడే చెప్పాడు. గంగాప్రసాద్‌గారు ఏడింటికి ముందు వచ్చి పైకి వెళ్లారు. తన దగ్గరున్న తాళాలతో మూడు గదులూ తీశారు. కిందకి వచ్చేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. పెద్దగా కేకలేమీ వేయలేదు. మిగతా ఓనర్ల నంబర్లు ఇవ్వమని అడిగారు. నేను వెంకటకృష్ణారావుగారికి ఫోన్ చేశాను. ఆయనేమో, నేను వస్తున్నాను, ఎవరికీ ఫోన్ చేయకుండా చూడు, ఫోన్ తీసేసుకుని క్యాబిన్‌లో కూర్చోబెట్టి గడియ వెయ్యి, ఫ్యాను వెయ్యి అన్నారు. ఛార్జింగ్ పెడతానని ఫోన్ తీసుకున్నాను. చినుకులు పడుతున్నాయని జనరేటరు కిటికీ కింద చూరులోకి లాగి వేశాను. అప్పుడు ఏడుంబావు. కాసేపు తలుపు కొట్టారు. తర్వాత ఊరుకున్నారు. పొద్దున్నే లేచిన మనిషి కదా, కునుకు తీశారనుకున్నాను.

"పొగ సంగతి నాకు తెలియదు సార్. నిజంగా తెలియదు."

"మళ్లీ తలుపు ఎప్పుడు తీశావు?" అన్నాడు కిరీటి, రాయడం ఆపకుండా.

"ఎనిమిదీ ఇరవైకి. బల్ల మీద తల వాల్చి ఉన్నారు."

"పోయాడా అప్పటికి?"

ఆమోసు పెద్దింట్లమ్మ వంక చూసి, చూడలేక, నేల వంక చూశాడు.

"లేదు సార్. ఊపిరి ఉంది. గుర్రుమంటా ఉంది. పైకి మోసుకెళ్లేటప్పుడు కూడా ఉంది."

కిరీటి పెన్ను ఆగింది. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం చావు తొమ్మిది ప్రాంతంలో. ఎనిమిదీ ఇరవై నుంచి తొమ్మిది దాకా నలభై నిమిషాలు. ఆసుపత్రి ఆటోలో పది నిమిషాల దూరం.

"ఎనభై కిలోల మనిషి" అంది రాజ్యలక్ష్మి నెమ్మదిగా. "లిఫ్టు లేదు. నువ్వు ఒక్కడివే మూడంతస్తులు మోయలేవు ఆమోసూ. నువ్వు కాళ్లు పట్టుకుంటే తల వైపు ఎవరు పట్టుకున్నారు? వెంకటకృష్ణారావేనా?"

"ఆయన అసలు రానేలేదమ్మా. నచ్చజెప్పమని ఇంకొకరిని పంపారు."

ఆమోసు పేరు చెప్పలేదు. తల మాత్రం ఎత్తాడు. రాజ్యలక్ష్మి కూడా అతను చూసినవైపే చూసింది. నడుము బెల్టు మీద రెండు చేతులూ పెట్టుకుని రామకోటేశ్వరరావు మాస్టారు గోడకి ఆనుకున్నాడు. వారం నుంచీ నడుం నొప్పి అన్నాడు. ఈ రోజు సోమవారం. వారం క్రితమంటే, అటూ ఇటూగా మంగళవారం.

ఆయన కాదనలేదు. ఎవరో తనని చాలాసేపు నిలబెట్టి ఇప్పుడు కూర్చోమన్నట్టు, గోడ వెంట జారి కిందకి కూర్చున్నాడు.

ఎనిమిదింటికి వెంకటకృష్ణారావు ఫోన్ చేసి మీ శిష్యుడు గొడవ చేస్తున్నాడు, వెళ్లి సర్దిచెప్పండి అంటే వచ్చానన్నాడు. తలుపు తీసి చూసేసరికి అలా ఉన్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేద్దామని జేబులోంచి ఫోన్ తీశానన్నాడు. నంబరు కూడా నొక్కానన్నాడు.

"ఎందుకు ఆపేశారు మాస్టారూ?" అంది రాజ్యలక్ష్మి.

"అంబులెన్సు వస్తే పోలీసులొస్తారు. పోలీసులొస్తే గదుల సంగతి బయటికొస్తుంది." ఆయన తరగతిలో లెక్క చెబుతున్నట్టే చెప్పాడు. "మా ఆవిడ నాలుగేళ్లుగా మంచం మీద ఉందమ్మా. ఆ అద్దె వస్తేనే ఆయా వస్తుంది. అద్దెకెవరూ లేరని నాకు కిందటేడే తెలుసు. డబ్బు వస్తోంది కదా అని అడగలేదు. తొమ్మిదిమంది ఓనర్లు, అందరూ నాలాంటివాళ్లే. అతను ఎలాగూ దక్కడనుకున్నాను. దక్కడని నాకు నేను చెప్పుకున్నాను."

వెంకటకృష్ణారావుకి కిరీటి ఫోన్ చేశాడు. స్విచాఫ్. వన్ టౌన్ ఆఫీసుకి మనుషుల్ని పంపమని స్టేషన్‌కి చెబుతూ బయటికి నడిచాడు. కానిస్టేబుల్ వచ్చి మాస్టారి పక్కన నిలబడ్డాడు. ముసలాయన్ని ఎలా లేపాలో తెలియక అలాగే ఉన్నాడు.

పెద్దింట్లమ్మ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆవిడ ఏమన్నా చేస్తుందేమోనని రాజ్యలక్ష్మి లేవబోయింది. మోకాళ్లు లేవనివ్వలేదు. ఆవిడ ఏమీ చేయలేదు. ముఖంలోకి చూసి అడిగింది.

"ఆయన మిమ్మల్ని గుర్తుపట్టారాండి?"

ఆవిడ మళ్లీ అడగలేదు. అక్కడే కూర్చుంది, చెప్పేదాకా కదలనన్నట్టు.

"రెండో అంతస్తు దగ్గర కళ్లు తెరిచాడమ్మా" అన్నాడాయన చివరికి. "నన్ను చూశాడు. 'మాస్టారొచ్చారు, ఇంక పర్లేదు' అన్నాడు."